మొదటి ట్వెల్వ్ బోర్: కొత్త డబుల్ బ్యారెలా, పాత ఇంగ్లిష్ తుపాకా? (హైదరాబాద్)

కొత్తగురి:

నమస్తే. ఉండేది మియాపూర్. 12 బోర్ తుపాకికి (ఛర్రాలు, అంటే చిన్న సీసపు గుళ్లు కాల్చే షాట్‌గన్) లైసెన్సు చేతికొచ్చింది, తుపాకి ఇంకా కొనలేదు. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని రేంజిలో క్లే షూటింగ్ (గాల్లోకి విసిరిన మట్టి పళ్లేలను కాల్చడం) నేర్చుకోవాలన్నది అసలు ఉద్దేశం. ముందు స్కీట్ (పళ్లెం అడ్డంగా పోయే ఆట), కుదిరితే తర్వాత ట్రాప్ (పళ్లెం దూరంగా పోయే ఆట). ఇంట్లో రక్షణకు కూడా ఉంటుందనుకోండి, కానీ అది రెండో సంగతి. బడ్జెట్ లక్షన్నర, మరీ మంచిదైతే ఇంకో యాభై వేలు.

ఇప్పటికి చూసినవి మూడు. ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ (ప్రభుత్వ ఆయుధ కర్మాగారం) వాళ్ల కొత్త డబుల్ బ్యారెల్ ఒకటి, రెండు గొట్టాలూ పక్కపక్కన ఉండే సైడ్ బై సైడ్. అబిడ్స్‌లో ఒక డీలర్ దగ్గరున్న పాత ఇంగ్లిష్ సైడ్ బై సైడ్ ఇంకొకటి. బాక్స్‌లాక్ (పేల్చే యంత్రం లోపలే పెట్టెలా ఉండేది), 28 అంగుళాల గొట్టాలు, పాలిష్ చేసి నిగనిగలాడుతోంది. మూడోది ఒక షూటర్ అమ్ముతున్న ఇటలీ ఓవర్ అండర్ (గొట్టం మీద గొట్టం), ట్రాప్ మోడల్. అది బడ్జెట్‌కు అందదు, అప్పు చేస్తేనే.

పాతది కొంటే ఏం చూసుకోవాలి? మొదటి తుపాకికి ఏది నయం? కాగితాల పని ఎక్కడ చిక్కుపడుతుంది?

స్టేషన్ ఎనిమిది:

గడువుంటే ఇంకో రెండు నెలలు ఏదీ కొనకండి. తుపాకి కొనడానికి లైసెన్సు మీద తేదీ రాసి ఉంటుంది, ముందు అది చూసుకోండి. ఈలోగా రేంజిలో కోచ్ సమక్షంలో అక్కడి తుపాకితోనే కనీసం పది రౌండ్లు కాల్చండి. రౌండుకు 25 పళ్లేలు, అంటే 250 తూటాలు. ఈ ఖర్చు దండగ కాదు. మీ భుజానికి ఎంత బరువు సరిపోతుంది, ఏ కన్నుతో గురి పడుతోంది, కుందా (భుజానికి ఆనే చెక్క) పొడవైందా పొట్టిదా అన్నవి ఆ 250 తూటాల్లోనే తేలుతాయి. ఇవి తేలకుండా కొన్న తుపాకిని ఆరు నెలల్లో అమ్మాల్సి వస్తుంది, మళ్లీ అదంతా లైసెన్సు మీద ఎక్కించే పని.

ఇక మూడింటి సంగతి. స్కీట్ నియమాల ప్రకారం పిలుపు ఇచ్చాక సున్నా నుంచి మూడు సెకన్లలోపు ఎప్పుడైనా పళ్లెం రావచ్చు. అది కనిపించేదాకా కుందా మడమ (వెనక చివర) నడుం దగ్గర, జాకెట్ మీద కుట్టిన గీత దగ్గరే ఉండాలి. కనిపించాకే ఎత్తి, భుజానికి చేర్చి, పళ్లెం కంటే ముందుకు లాగి కాల్చాలి. పళ్లెం మీకు దాదాపు 20 మీటర్ల దూరంలో అడ్డంగా దూసుకుపోతుంది. కాబట్టి చురుగ్గా పైకి లేచే తుపాకి, ఛర్రాలను విశాలంగా పరిచే చోక్ (గొట్టం మూతి దగ్గరి ఇరుకు) కావాలి: ఇరుకే లేని సిలిండర్ గానీ కొద్దిపాటి ఇరుకున్న స్కీట్ చోక్ గానీ, 26 నుంచి 30 అంగుళాల గొట్టాలు.

ట్రాప్ దీనికి పూర్తిగా వేరు. తుపాకి ముందే భుజానికి ఆనించి పిలుస్తారు. పళ్లెం మీ నుంచి దూరంగా, పైకి పారిపోతుంది. విరిగేసరికి 30 మీటర్లు దాటి ఉంటుంది. అందుకే ట్రాప్ తుపాకికి 30, 32 అంగుళాల గొట్టాలు, బిగుతు చోకులు, గురి కంటే కొంచెం పైకి కొట్టేలా ఎత్తుగా కట్టిన రిబ్ (గొట్టాల పొడవునా ఉండే పట్టీ). మన నగరం నుంచి వెళ్లిన కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడింది, హాంగ్జౌ ఆసియా క్రీడల్లో టీమ్ స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం గెలిచింది ఈ ట్రాప్‌లోనే. ఆ పోటీల్లో కనిపించే తుపాకిని తెచ్చి స్కీట్ నేర్చుకోవాలంటే పళ్లెం కింద నుంచి పోయిందా పై నుంచి పోయిందా కూడా తెలియదు. ఆ ఇటలీ తుపాకి ఎంత గొప్పదైనా మీ మొదటి పనికి సరైంది కాదు, అందులోనూ అప్పు చేసి.

సైడ్ బై సైడ్‌తో స్కీట్ ఆడకూడదని ఏ నియమమూ లేదు. అయితే రెండు ఇబ్బందులు. సన్నటి ముందు చెక్క వల్ల ఎడమ చేయి నేరుగా గొట్టాల మీద పడుతుంది. ఒక పూటలో 75 తూటాలు కాలిస్తే ఆ గొట్టం పట్టుకోలేం, చేతి తొడుగు కావాల్సిందే. రెండోది, రెండు ట్రిగ్గర్లుంటే డబుల్స్‌లో (రెండు పళ్లేలు ఒకేసారి వచ్చినప్పుడు) వేలు వెనక్కి జరగాలి, దాంతో పట్టు కూడా కదులుతుంది. అలవాటయ్యేదాకా రెండో పళ్లెం ఆలస్యమవుతుంది. పైగా 3 కిలోల తుపాకి మోయడానికి హాయి గానీ రోజంతా కాలిస్తే భుజం వాచిపోతుంది. క్లే తుపాకులు 3.5 నుంచి 3.8 కిలోలు ఉండేది అందుకే. బరువే సగం దెబ్బను మింగేస్తుంది.

ఇవన్నీ ఒప్పుకుని తీసుకుంటే, మీ బడ్జెట్‌లో చక్కగా అమరిన సైడ్ బై సైడ్ నేర్చుకోవడానికి చాలు. కొత్తదా పాతదా అన్నది పాతదాని ఆరోగ్యాన్ని బట్టి ఉంటుంది. పాత ఇనుము గారు చెప్తే బాగుంటుంది.

పాత ఇనుము:

నిగనిగ అన్నారు కదా, జాగ్రత్త మొదలయ్యేది అక్కడే. పాత గొట్టానికి పాలిష్ చేసి కొత్తగా నలుపు ఎక్కించారంటే పైన తుప్పు గుంతలను గీకేసి ఉండొచ్చు. గీకిన ప్రతిసారీ గొట్టం గోడ పలచబడుతుంది. గోడ మందం కొలిచే గేజ్ ఉన్న గన్‌స్మిత్ దగ్గరే కొలిపించాలి. ఎక్కడా అర మిల్లీమీటరు కంటే తగ్గకూడదు. తగ్గితే ధర ఎంతైనా వదిలేయండి.

షాపులో చేయాల్సిన పరీక్షలు చెప్తాను, ఈ వరసలోనే చేయండి. మొట్టమొదట తుపాకిని కీలు దగ్గర వంచి తెరిచి రెండు చాంబర్లూ (తూటా పెట్టే గదులు) ఖాళీగా ఉన్నాయని కళ్లతో చూడండి, వేలితో తడమండి. డీలర్ చూశాడన్నా సరే, మీరూ చూడాలి.

తర్వాత ముందు చెక్క ఊడదీసి గొట్టాలను మళ్లీ మూసేయండి. కుందాను చంకలో బిగించుకుని గొట్టాల చివర పట్టుకుని అటూ ఇటూ, కిందికీ పైకీ కదపండి. చెక్క ఉన్నప్పుడు దాని స్ప్రింగ్ వదులును దాచేస్తుంది, అందుకే తీయమంటున్నాను. టిక్ మని చిన్న కదలిక తెలిసినా కీలు అరిగినట్టే. ఆ తర్వాత వెలుతురుకు ఎదురుగా పట్టుకుని గొట్టాల వెనుక అంచుకూ యాక్షన్ (గొట్టాలు మూసుకునే ఇనుప భాగం) ముఖానికీ మధ్య చూడండి. సందులోంచి వెలుతురు కనిపించకూడదు. సన్న కాగితం ముక్క పెట్టి మూసి లాగితే అది ఇరుక్కుని ఉండాలి. సందుంటే తూటా అడుగు వెనక్కి తన్నుకుంటుంది, ప్రైమర్ (తూటా అడుగున నిప్పంటించే బిళ్ల) ఉబ్బుతుంది, రోజురోజుకూ సందు పెరుగుతుంది. దీన్ని బాగు చేయొచ్చు. కానీ కీలు దగ్గర లోహం నింపి చేత్తో రాసి కూర్చగల పనివాడు కావాలి. యాక్షన్ ముఖాన్ని సుత్తితో కొట్టి బిగించేవాడి చేతికి మాత్రం ఇవ్వొద్దు.

పై మీట చూడండి. తుపాకి మూశాక అది నడిమధ్యలో గానీ కొంచెం కుడికి గానీ ఆగాలి. ఎడమకు దాటిందంటే గొళ్లెం అరిగింది.

గొట్టాలను విడిగా తీసి, కింద ఉన్న కొక్కెం దగ్గర దారంతో వేలాడదీసి, చెక్క పిడితో మెల్లగా కొట్టండి. గుడి గంటలా ఖణేల్‌మని మోగాలి. పగిలిన కుండలా బొయ్యిమంటే రెండు గొట్టాలను కలిపే రిబ్ టంకం ఎక్కడో ఊడింది. ఆ సందులోకి నీళ్లు దిగి లోపల్లోపల తుప్పు తినేస్తుంది, బయటికి కనిపించదు.

ఇప్పుడు లోపల. గొట్టాన్ని కిటికీ అంచు వైపు పట్టి మెల్లగా తిప్పుతూ చూడండి. వెలుతురు వలయాలు ఒకే కేంద్రం చుట్టూ నున్నగా ఉండాలి. ఒకచోట నల్లటి ఉంగరంలాంటి నీడ కనిపిస్తే అది ఉబ్బు, ఎప్పుడో అడ్డం ఉండగా కాల్చారన్నమాట. చాంబర్ ముందున్న వాలు దగ్గరా చివరి నుంచి నాలుగైదు అంగుళాల దగ్గరా తుప్పు గుంతలు ఎక్కువ. మసకగా చుక్కలు ఉంటే బాధ లేదు. గోటికి తగిలేంత లోతైతే వద్దు.

చోక్ చూడటం మర్చిపోతారు చాలామంది. సైడ్ బై సైడ్‌లో గొట్టాల మూతుల మధ్య రిబ్ చివర సందు ఎక్కువగా ఉండి అక్కడ టంకం పూడ్చినట్టు కనిపిస్తే గొట్టాలు ఎప్పుడో కోసేశారు. చోక్ మొత్తం పోయి ఉంటుంది. కోత 20 అంగుళాల కిందికి వచ్చిందంటే ఆ తుపాకి మీ లైసెన్సు పరిధిలోనే ఉండదు. టేపుతో కొలవండి, మూసిన యాక్షన్ ముఖం నుంచి మూతి దాకా.

లాక్ పనితీరుకు స్నాప్ క్యాప్‌లు (ఉత్తుత్తి తూటాలు) అడగండి. ఒట్టి చాంబర్ మీద ట్రిగ్గర్ లాగితే ఫైరింగ్ పిన్ను విరుగుతుంది, పాత బాక్స్‌లాక్‌లకు దొరకడం కష్టం. సేఫ్టీ వేసి రెండు ట్రిగ్గర్లూ గట్టిగా లాగండి, తర్వాత ట్రిగ్గర్ వదిలి సేఫ్టీ తీయండి. ఆ తీయడంలో సుత్తి (లోపల ఫైరింగ్ పిన్నును కొట్టేది) పడితే సేర్ (సుత్తిని ఆపి ఉంచే ముక్క) అరిగింది. ఇంకో పరీక్ష, సేఫ్టీ తీసి కుందా మడమను రబ్బరు మ్యాట్ మీద మెత్తగా తట్టండి, ఏ సుత్తీ పడకూడదు. ట్రిగ్గర్ బరువు స్ప్రింగ్ త్రాసుతో చూస్తే ముందుది దాదాపు ఒకటిన్నర కిలో, వెనకది కొంచెం ఎక్కువ ఉండాలి. కిలో కంటే తేలికైతే ప్రమాదం.

కుందాలో బీటలు వచ్చేది సన్నగా ఉండే మెడ దగ్గర, యాక్షన్ చెక్కను కలిసే చోట. ఏళ్ల తరబడి నూనె కారి ఆ చెక్క నల్లబడి మెత్తబడితే కాలుస్తున్నప్పుడే విరుగుతుంది. తుపాకిని మూతి పైకి పెట్టి నిలబెట్టే ఇళ్లలో ఇది మామూలే, నూనె అంతా మెడలోకి దిగుతుంది.

ఇక ముద్రలు, అంటే ప్రూఫ్ (గొట్టం పీడనానికి ఆగుతుందని కాల్చి చూసిన పరీక్ష) గుర్తులు. గొట్టాల అడుగున, చదునైన చోట ఉంటాయి. అవి ఏమున్నాయో ఇక్కడ రాయండి, ఫొటో వద్దు. సీరియల్ నంబరు బయట పెట్టకండి.

కొత్తగురి:

ఇవాళ వెళ్లి చూసొచ్చాను. చెక్క తీసి కదిపితే కదలిక లేదు, కాగితం ఇరుక్కుంది. మోగించడానికి డీలర్ ఒప్పుకున్నాడు, గంటలాగే మోగింది. ముద్రల్లో కిరీటం కింద బీఎన్‌పీ, నైట్రో ప్రూఫ్ అని అక్షరాలు, 2½ అంగుళాలు, 3 టన్నులు, .729 అని ఉంది. కుడి గొట్టంలో చాంబర్ ముందు కొంచెం మసక. డీలర్ మాత్రం మన తూటాలన్నీ పడతాయి, ఇదిగో చూడండని ఒక తూటా పెట్టి మూసి చూపించాడు. ఇది చాలా?

పాత ఇనుము:

చాలదు. ఆ మూసి చూపించడమే అసలు మోసపోయే చోటు.

బీఎన్‌పీ అంటే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లో పొగలేని తుపాకిమందుతో పరీక్షించారని. ఇది మంచి సంగతి. పాతకాలపు నల్ల తుపాకిమందు ముద్ర ఒక్కటే ఉన్నవి, గొట్టం మీద పాము చర్మంలా మెలికల గీతలున్న డమాస్కస్‌వి ఇప్పటి తూటాలతో కాల్చకూడదు. టన్నుల లెక్క (చదరపు అంగుళానికి పీడనం) వేయడం 1950ల మధ్యలో మొదలైంది, కాబట్టి మీరు చూసింది ఆ తర్వాత ప్రూఫ్ అయింది. .729 అనేది లోపలి వ్యాసం, అంగుళాల్లో. గన్‌స్మిత్ ఇప్పుడు కొలిస్తే అది .739 దాటకూడదు. దాటితే లోపల గీకారు, ఆ ప్రూఫ్ ఇక చెల్లదు.

2½ అంగుళాలు అంటే చాంబర్ 65 మి.మీ. ఇవాళ దొరికే చాలా తూటాలు 70 మి.మీ. ఈ కొలత తూటా పేలి, ముందు మడత విప్పుకున్నాక ఉండే పొడవు. కాల్చకముందు నక్షత్రం మడతతో ఉన్న 70 మి.మీ. తూటా 60 మి.మీ. లోపే ఉంటుంది, అందుకే 65 చాంబర్లో హాయిగా కూర్చుంటుంది, తుపాకి మూసుకుంటుంది. పేలినప్పుడు మాత్రం విప్పుకున్న అంచు ముందున్న ఇరుకు వాలులోకి వెళ్లి వాడ్‌కు (మందుకూ ఛర్రాలకూ మధ్య ఉండే అడ్డు) దారి మూస్తుంది, పీడనం ఎగబాకుతుంది. పైగా 70 మి.మీ. తూటాలు ఎక్కువ పీడనానికి తయారైనవి, మీ తుపాకి 3 టన్నులకు ప్రూఫ్ అయింది. ఒక్కసారికి ఏమీ కాకపోవచ్చు. కాలుస్తూ పోతే ముందు కీలు వదులవుతుంది, తర్వాత కుందా చీలుతుంది.

తూటాల పెట్టె మీద 65 లేదా 67.5 అని, 65 చాంబర్లకు పనికొస్తుందని రాసి ఉంటేనే వాడండి. పుణె దగ్గర ఖడ్కీలో తయారయ్యే శక్తిమాన్ తూటా అయినా, దిగుమతి తూటా అయినా పెట్టె చదవనిదే కొనొద్దు. చాంబర్‌ను 70కి పెంచి కోయించండి అని ఎవరైనా సలహా ఇస్తే వద్దు. కోసిన చోట గోడ పలచబడుతుంది, మళ్లీ ప్రూఫ్ చేయించాలి.

నెలనెలా వందల తూటాలు కాల్చాలనుకునేవాళ్లకు 65 చాంబర్ పెద్ద అడ్డంకి. రేంజిలో దొరికే 24 గ్రాముల స్కీట్ తూటా 70 మి.మీ.దే అయితే ఈ తుపాకి అల్మారాలోనే ఉంటుంది. దీనికంటే 70 చాంబర్ ఉన్న కొత్త డబుల్ బ్యారెలే మీకు పనికొస్తుంది. పాత ఇంగ్లిష్ పనితనం మీద నాకెంత ప్రేమ ఉన్నా ఇదే చెప్తాను.

ఎడమకన్ను:

ఇద్దరూ ఇనుము గురించి చెప్పారు, ఒంటి గురించి కూడా చూడాలి. షాట్‌గన్‌కు వెనక గురి ఉండదు, మీ కన్నే వెనక గురి. అంటే కుందా చెంపను ఎక్కడ ఆనించిందో అక్కడి నుంచే తుపాకి కొడుతుంది.

ముందు ఏ కన్ను పెత్తనం చేస్తుందో చూసుకోండి. రెండు కళ్లూ తెరిచి, దూరంగా ఉన్న ట్యూబ్‌లైటు చివరకు వేలు చూపండి. ఎడమ కన్ను మూయండి. వేలు అక్కడే ఉంటే కుడి కన్ను, పక్కకు జరిగితే ఎడమ కన్ను. కుడి చేతివాటం, ఎడమ కన్ను పెత్తనం ఉన్నవాళ్లు చాలామంది. మహిళల్లో ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటివాళ్లు ఎడమ భుజం మీదికి మారడమో, ఎడమ కళ్లద్దం మధ్యలో చిన్న టేపు ముక్క అంటించుకోవడమో చేయాలి. ఎడమ భుజానికి మారితే కుందా వంపు కూడా అటు ఉండాలి. సాధారణంగా కుడిచేతి వాళ్లకని కుందాను కుడి పక్కకు కొద్దిగా వంచి చేస్తారు.

పొడవు సంగతి. ముందు ట్రిగ్గర్ నుంచి కుందా మడమ మధ్య దాకా మామూలుగా 14 నుంచి 14½ అంగుళాలు ఉంటుంది. తుపాకి భుజానికి ఆనించినప్పుడు కుడి చేతి బొటనవేలికీ ముక్కుకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. సందు లేకపోతే దెబ్బకు బొటనవేలు ముక్కును గుద్దుతుంది. ఎక్కువుంటే ఎత్తేటప్పుడు మడమ చంకలో చొక్కాకు తట్టుకుంటుంది. ఈ పరీక్ష మీరు కాల్చే జాకెట్‌తోనే చేయాలి, షాపుకు వేసుకెళ్లే పలచటి చొక్కాతో కాదు. పొడవైన కుందా కోయించడం తేలిక, పొట్టిదానికి రబ్బరు ప్యాడ్ వేస్తే అర అంగుళం నుంచి అంగుళం పెరుగుతుంది. కానీ చెంప ఆనే చోటు మరీ కిందికి ఉంటే ప్యాడ్ దాన్ని సరిచేయదు.

దానికో పరీక్ష. ఖాళీ తుపాకి అని రెండుసార్లు చూసుకున్నాక, గోడా కప్పూ కలిసే మూలకేసి చూసి, కళ్లు మూసుకుని తుపాకి ఎత్తండి. చెంప ఆనాక కళ్లు తెరవండి. రిబ్ చదునుగా, దాని చివర పూస (గురికి పెట్టిన చిన్న గుండు) కనిపించాలి. యాక్షన్ వెనుకభాగమే కంటికి అడ్డం పడితే కుందా మీకు కిందికి ఉంది, తూటాలు కిందికి పోతాయి. రోడ్డంత రిబ్ కనిపిస్తే పైకి పోతాయి. ఐదుసార్లు ఎత్తితే ఐదుసార్లూ ఒకేలా రావాలి.

కొన్నాక రేంజిలో పెద్ద కాగితం కట్టి 16 గజాల నుంచి చుక్క మీదికి ఎత్తీ ఎత్తగానే కాల్చండి, గురి చూడొద్దు. ఐదారు తూటాల గుంపు మధ్యభాగం చుక్కకు ఎంత దూరంలో పడిందో కొలవండి. అంగుళం తేడాకు కుందాలో పదహారో వంతు అంగుళం మార్పు. ఈ లెక్కతో వడ్రంగికి కాకుండా గన్‌స్మిత్‌కు చెప్పండి.

లైసెన్సు ఫైలు:

కాగితాల చిక్కులు అడిగారు. లైసెన్సు వచ్చేసింది కాబట్టి దరఖాస్తు ఫారం ఏ-1, వైద్య ధ్రువపత్రం, ఆయుధ భద్రతా శిక్షణ, పోలీసు విచారణ దాటేశారు. చదివే మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. కనీస వయసు 21. 1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్ 20 అంగుళాలకు తగ్గని గొట్టమున్న స్మూత్ బోర్ (గొట్టం లోపల గాడులు లేని) తుపాకిని రక్షణకు గానీ క్రీడకు గానీ అడిగే పౌరుడిని మిగతా తుపాకులు అడిగేవాళ్ల నుంచి వేరుగా చూస్తుంది. అర్హత లోపాలేవీ లేకపోతే ఇవ్వాలనే చెబుతుంది, పిస్టల్ అడిగేవాళ్లలా ప్రత్యేక కారణం రుజువు చేయక్కర్లేదు. మన దగ్గర దరఖాస్తు మీ ఇల్లు ఏ పోలీసు కమిషనరేట్ కిందికి వస్తే అక్కడికే. హద్దులు మారుతుంటాయి కాబట్టి ముందు స్టేషన్లో కనుక్కోండి.

మీ లైసెన్సులో నాలుగు చోట్ల వేలు పెట్టి చదవండి: ఆయుధం రకం, ఒక్కసారికి ఎన్ని తూటాలు, ఏడాదికి ఎన్ని, చెల్లుబాటు ప్రాంతం. తెలంగాణకే అని ఉంటే తుపాకి తీసుకుని విజయవాడ పోటీకి వెళ్లడం నేరం. తూటాల కోటా తక్కువ రాసి ఉంటే స్కీట్‌కు ఏ మూలకూ చాలదు. క్రీడాకారులకు ఎక్కువ కోటా ఉంటుంది, రైఫిల్ అసోసియేషన్ సభ్యత్వ పత్రాలతో పెంచమని రాతపూర్వకంగా అడగండి. 2019 సవరణ తర్వాత లైసెన్సు ఐదేళ్లకు చెల్లుతుంది, ఒక్కరికి తుపాకులు రెండే. మూడు అని పాత వ్యాసాల్లో ఉంటుంది, నమ్మకండి.

డీలర్ దగ్గర కొంటే బిల్లు మీద కంపెనీ, బోర్, నంబరు ఉండాలి. గొట్టాల మీద, యాక్షన్ మీద, ముందు చెక్క ఇనుము మీద నంబర్లు కలుస్తున్నాయో అక్కడే చూడండి. తర్వాత తుపాకినీ లైసెన్సునూ కమిషనరేట్ కార్యాలయంలో చూపించి నంబరు ఎక్కించుకోవాలి. బిల్లులో ఒక్క అంకె తప్పు పడితే నెలల తరబడి తిరుగుడే.

ఆ ఇటలీ తుపాకిలా నేరుగా వ్యక్తి దగ్గర కొనాలంటే అమ్మేవాళ్లు కలెక్టరుకు గానీ దగ్గరి స్టేషను అధికారికి గానీ ముందు రాసివ్వాలి, రాసిచ్చాక 45 రోజులు ఆగాలి. దిగుమతి చేసుకున్నది కాబట్టి దాని దిగుమతి అనుమతిలో అమ్మకం గురించి షరతులేమున్నాయో చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు తుపాకిని స్టేషన్లో గానీ డీలర్ దగ్గర గానీ అప్పగించమంటారు. రసీదు తీసుకోండి, అప్పగించేముందు బాగా నూనె రాయండి. రెండు నెలలు ఎవరూ తుడవరు. పెళ్లిలో, బారాత్‌లో గాల్లోకి కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. బంధువులు బతిమాలినా తుపాకి ఇంట్లోనే ఉంచండి.

స్టేషన్ ఎనిమిది:

కొత్త డబుల్ బ్యారెల్‌కు ఒక మాట కలుపుతాను. కొత్తదని పాత ఇనుము గారి పరీక్షలు మానొద్దు. చాలామంది పెట్టె విప్పి సంతకం పెట్టేస్తారు. ఒకే మోడల్ మూడు తుపాకులు బయట పెట్టించి మూడూ ఎత్తి చూడండి. ట్రిగ్గర్ బరువు, చెక్క అమరిక ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి. కొత్తది తెరవడం గట్టిగా ఉండటం సహజమే, మోకాలి మీద కొట్టి తెరవొద్దు. కీలు పిన్నుకు కొద్దిగా గ్రీజు రాసి నాలుగైదు వందల తూటాలు కాలిస్తే సర్దుకుంటుంది.

ఇలాంటి తుపాకుల్లో కుడి గొట్టం వదులు చోక్, ఎడమది బిగుతు చోక్ ఉండటం మామూలు. పేరును నమ్మక కాగితం మీద చూడండి. 40 గజాల్లో 30 అంగుళాల వలయంలో ఎన్ని ఛర్రాలు పడ్డాయో లెక్కపెట్టాలి. సిలిండర్ అయితే నూటికి 40, హాఫ్ అయితే 60, ఫుల్ అయితే 70. 24 గ్రాముల ఏడున్నర నంబరు తూటాలో, తయారైన దేశాన్ని బట్టి, 300 నుంచి 340 ఛర్రాలు ఉంటాయి. స్కీట్‌కు తొమ్మిదో నంబరు (నంబరు పెరిగేకొద్దీ ఛర్రా చిన్నది) వాడండి. ఎల్‌జీ, ఎస్‌జీ పెద్ద గుండ్లను క్లే రేంజికి తీసుకెళ్లనే కూడదు, అక్కడి భద్రతా దూరాలు చిన్న ఛర్రాల లెక్కతో పెట్టినవి.

పాత ఇనుము:

కొన్నరోజు నుంచే పనికొచ్చేవి. కాల్చిన రోజే శుభ్రం చేయాలి, వానాకాలంలో మర్నాడు అన్నా ఆలస్యమే. 12 బోర్ కర్ర, ఫాస్ఫర్ బ్రాంజ్ బ్రష్, నూలు గుడ్డ ముక్కలు, గన్ ఆయిల్ చాలు. కొబ్బరినూనె వద్దు, గడ్డకట్టి లాకుల్లో జిగురవుతుంది. బ్రష్ చాంబర్ వైపు నుంచి మూతి వైపు తోయండి. చాంబర్ ముందు వాలులో, చోక్‌లో ప్లాస్టిక్, సీసం పేరుకుంటాయి, అక్కడ ఎక్కువసేపు. చివరికి పలచగా నూనె. మళ్లీ కాల్చేముందు ఆ నూనె పొడిగుడ్డతో తీసేయాలి.

తోలు సంచిలో దాచొద్దు, తేమ పట్టి ఉంచుతుంది. గోడకు బోల్టులతో బిగించిన ఇనుప అల్మారాలో, గొట్టాలు వేరు, కుందా వేరు, తూటాలు ఇంకో తాళం కింద. లోపల సిలికా జెల్ పెట్టి, అది రంగు మారినప్పుడల్లా ఆరబెట్టండి. కొన్ని వారాలు తీయకుండా ఉంచితే గొట్టంలో కుమ్మరి పురుగు మట్టిగూడు కడుతుంది. చూడకుండా కాలిస్తే గొట్టం చీలుతుంది. ప్రతిసారీ తూటా పెట్టేముందు రెండు గొట్టాల్లోంచీ ఆకాశం చూడాలి.

రేంజిలో తూటా పేలినప్పుడు శబ్దం తుస్సుమని వచ్చిందంటే వెంటనే ఆగండి. వాడ్ గొట్టంలో ఇరుక్కుని ఉండొచ్చు, రెండో తూటా దాని మీద పడితే అంతే. అసలు పేలకపోతే మూతి పళ్లేల వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగి తెరవండి. జేబులో సన్నగా ఉండే 20 బోర్ తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. అది 12 బోర్ చాంబర్ దాటి గొట్టంలోకి జారి కూర్చుంటుంది, చూస్తే చాంబర్ ఖాళీగా కనిపిస్తుంది, దాని వెనక 12 తూటా కూడా పడుతుంది. 20 బోర్ తూటాలకు పసుపు రంగు వేసేది ఈ గందరగోళం ఆపడానికే.

కొత్తగురి:

అందరికీ ధన్యవాదాలు. లైసెన్సు తీసి చదివాను. కొనడానికి ఇంకా గడువుంది, ఏడాది తూటాల కోటా మాత్రం స్కీట్‌కు చాలదు, సోమవారం దానికి అర్జీ రాస్తున్నాను. వేలు పరీక్షలో కుడి కన్నే వచ్చింది. ఇంగ్లిష్ తుపాకి వద్దని డీలర్‌కు చెప్పేశాను. ఈ ఆదివారం నుంచి రేంజి తుపాకితో పది రౌండ్లు, ఆ తర్వాత మూడు కొత్త డబుల్ బ్యారెల్స్ బయట పెట్టించి చూస్తాను. 16 గజాల కాగితం కొలతలు వచ్చాక ఇక్కడే రాస్తాను.